నల్లకోటు, పత్తి సీజను

అది రెండు వేల ఇరవై రెండు, పత్తి సీజను. సూర్యాపేటలో బస్టాండుకు కాస్త ఇవతల, ఒక మందుల షాపుకూ ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది మా డ్రై క్లీనింగ్ షాపు. ముందు గదిలో కౌంటరు, కోట్లు వేలాడదీసే పైపులు, ఇస్త్రీ బల్ల. వెనక గదిలో మెషిను. మా ఆయన పోయాక నేను ఈ షాపు మూసేస్తానని అందరూ అనుకున్నారు. మూయలేదు. బట్టల విషయంలో నాకు పట్టింపు జాస్తి. ఏ పెళ్ళికి వెళ్ళినా పెళ్ళికొడుకు మొహం కన్నా ముందు అతని కోటు భుజాలు చూస్తాను. "నీకు మనుషులు కనపడరే, పోగులే కనపడతయి" అని మా చెల్లెలు దెప్పుతూ ఉంటుంది.

డ్రై క్లీనింగ్ అంటే ఏదో పొడి చల్లి దులిపేస్తామని చాలామంది అనుకుంటారు. అలా కాదు. నీళ్ళకు బదులు సాల్వెంట్ అనే ద్రావకంలో బట్టను తిప్పుతాం. అది జిడ్డు వదిలిస్తుంది, బట్టను ముడుచుకోనివ్వదు. ఇక మాకు పెద్ద తలనొప్పి మరకలే అని కూడా అనుకుంటారు. అదీ తప్పే. మరక ఒకచోట కదలకుండా ఉంటుంది, దానికో మందు ఉంటుంది. మమ్మల్ని ఏడిపించేది లింట్. అంటే బట్ట మీద పడే దూది నూగు, పీచు. గాలిలో తేలుతూ వస్తుంది, వదిలించి అటు తిరిగేలోపు మళ్ళీ వస్తుంది. తెల్లచొక్కా మీద ఉన్నా తెలియదు. నల్లకోటు మీద మాత్రం ఆవాల్లో పడ్డ బియ్యపు గింజల్లా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మా ఊరి చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. పత్తిగింజ నుంచి దూదిని వేరుచేసే మిల్లులు. అక్కడ లింట్ అంటే సరుకు, ఆ మిల్లు బతికేదే దాని మీద. నా షాపు గడప దాటేసరికి ఆ సరుకే చెత్త అవుతుంది. పత్తి ట్రాక్టర్లు రోడ్డెక్కాయంటే నాకు గుబులు మొదలవుతుంది. షట్టరు సగం దించుకుని, ఫ్యాను ఆపుకుని, గాలాడని గదిలో పనిచేస్తాం. నా దగ్గర ఏళ్ళ తరబడి ఇస్త్రీ చేస్తున్న యాదగిరి మాత్రం నవ్వుతాడు. "పత్తి పండకపోతే జనం దగ్గర పైసలుండయి, పైసలు లేకపోతే మన దగ్గరికి కోట్లు రావు. దూదిని తిట్టకమ్మా" అంటాడు. అతను చెప్పేది నిజమే గానీ, నిజాలు గుబులును తగ్గించవు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే, సగం దించిన షట్టరు కింద నుంచి వంగి ఒక ఆమె లోపలికి వచ్చింది. చీర మీద మగవాళ్ళ పాత ఫుల్‌హ్యాండ్ చొక్కా, తల చుట్టూ తువ్వాల. కనురెప్పల మీద కూడా తెల్లగా నూగు. జిన్నింగ్ మిల్లులో పనిచేసే మనిషని చూడగానే తెలిసిపోయింది. చేతిలో వరి విత్తనాల సంచి ఉంది. దాన్ని కౌంటరు మీద పెట్టకుండా ఒకసారి వెనక్కి తిరిగి రోడ్డు వంక చూసింది.

"అక్కా, ఎవరు లేరు గదా?"

"నేనూ యాదగిరే ఉన్నం. ఏంది సంగతి?"

"ఒక కోటున్నది. జర సూస్తవా?"

సంచిలోంచి తీసింది. ఆడపిల్లల నల్ల బ్లేజరు. నల్లది అని కుట్టు మడతల లోపల చూస్తేనే తెలిసింది. పైనంతా పరుపులు కుట్టే చోట నేల మీద దొర్లించినట్టు ఉంది. చేత్తో పట్టుకుంటే భుజాల లోపలి ప్యాడ్లు ఇంకా చెమ్మగా తగిలాయి. 

"ఏం చేసినవమ్మా దీన్ని?"

"ఉతికిన" అంది చిన్నగా.

ఆమె పేరు సైదమ్మ. భర్త లేడు. ఒక్కతే కూతురు, స్రవంతి, కోదాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మర్నాడు పొద్దున పదింటికి మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బ్యాంకు వాళ్ళు ఇంటర్వ్యూలు పెట్టారు. అందరూ నల్ల బ్లేజరు వేసుకునే రావాలని కాలేజీలో సారు చెప్పాడట. కొనే స్తోమత లేక స్రవంతి తన రూమ్మేటు హారిక కోటు అడిగి తెచ్చుకుంది. ఆదివారం ఇంటికొచ్చి కోటు ఇక్కడ పెట్టి, పరీక్ష ఉందని మళ్ళీ కోదాడ వెళ్ళింది. సైదమ్మ నా దగ్గరికొచ్చిన రోజే సాయంత్రం బస్సుకు దిగి, తెల్లారి ఇక్కడి నుంచే మిర్యాలగూడ వెళ్ళాలి.

"మరి ఎందుకు ఉతికినవ్? మాసిందా?"

"మాయలే అక్కా. ఇంకొకలు తొడిగిన బట్ట గదా. మంచి పనికి పోయేటప్పుడు నీళ్ళల్ల జాడియ్యకుంట ఎట్ల ఏసుకుంటది? మైల గాదా?"

ఆ మాట నాకు కొత్త కాదు. మా వైపు ఇది పెద్ద పట్టింపు. ఒకరు కట్టి విడిచిన బట్ట నీళ్ళు తగలందే ఇంకొకరి శుభకార్యానికి పనికిరాదు. నా షాపులో శుభ్రం చేసి ఇచ్చిన కోటును ఇంటికి తీసుకెళ్ళి, "నీళ్ళు పెట్టకుండ ఏం ఉతికినట్టు" అని బకెట్లో ముంచిన అత్తగార్లు నాకు తెలుసు. అశ్రద్ధ వల్ల పాడైన కోట్ల కన్నా భక్తి వల్ల పాడైనవే నా దగ్గరికి ఎక్కువ వచ్చాయి.

"దేంతోపాటు ఉతికినవ్?"

"నా మిల్లు చీరెలతోని. నల్లా నీళ్ళు దినం తప్పి దినం వస్తయక్కా. అన్ని ఒకటేసారి మెషిన్ల ఏసిన."

"మెషిన్ లోపట చిన్న జాలీ సంచి ఉంటది, దూది పట్టుకునేది. దాన్ని ఎన్నడన్న తీసి కడిగినవా?"

సైదమ్మ నా మొహం వంక చూసింది. "గట్లాంటిది ఒకటి ఉంటదా?"

ఇక అడగడానికి ఏమీ మిగలలేదు. సీజనంతా ఆమె చీరల నుంచి ఊడిన దూది ఆ మెషిన్లోనే తిరుగుతూ ఉంది. అదంతా ఒక్కసారిగా ఈ కోటును పట్టుకుంది.

"నా బిడ్డకు తెల్వద్దక్కా. అయిదు గంటల బస్సుకు దిగుతది. అంతట్ల ఎట్లన్న చెయ్యి" అంటూ దగ్గు వచ్చి ఆగిపోయింది. మామూలు దగ్గు కాదు, పొడిగా, లోపల ఎక్కడో గీరినట్టు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తెరలు తెరలుగా దగ్గి, మళ్ళీ మాట అందుకుంది. "ఈ నౌకరి వస్తే మిల్లు బంద్ చెయ్యమంటది నన్ను. దవాఖానల డాక్టరు గూడ గదే చెప్పిండు, ఆ దుమ్ముల పని మానకపోతే ఛాతి ఇట్లనే ఉంటదని. మానితే ఎట్ల ఎల్లుతది? పిల్లకు ఒక దారి పడితే అప్పుడు మానొచ్చు."

కోటు వంక చూశాను, ఆమె వంక చూశాను. నిజం చెప్పాలంటే తీసుకోనని చెప్పడమే వ్యాపారానికి మంచిది. కోటు ముందు భాగంలో లోపల జిగురుతో అంటించిన ఒక గుడ్డ ఉంటుంది, దాన్ని ఫ్యూజింగ్ అంటాం. కోటు బిర్రుగా నిలబడేది దానివల్లే. నీళ్ళలో నానితే ఆ జిగురు వదిలి, పైన బుడగల్లా లేస్తుంది. ఈ కోటుకు కాలరు మడత దగ్గర అప్పటికే రెండు బుడగలు లేచాయి. తర్వాత ఏం జరిగినా మాట నా మీదికే వస్తుంది. కానీ ఇక్కడ కాదంటే ఈమె ఈ సంచి పట్టుకుని ఎక్కడికి పోతుంది? సూర్యాపేటలో ఇంకో షాపు వాడు దీన్ని ముట్టుకోడని నాకు తెలుసు.

"ఇటియ్యి" అన్నాను.

యాదగిరి కోటును ఎత్తి వెలుగులో తిప్పి చూశాడు. "దీన్ని నల్లకోటంటే ఆ బ్యాంకోళ్ళు నమ్మరమ్మా. బూడిద కలర్ అని చెప్పి తోలితే అయిపాయె" అన్నాడు. నేను ఉరిమి చూసేసరికి నోరు మూసుకుని స్టీము పెట్టడానికి పోయాడు.

మా పనిలో మొదటి నియమం, తడిబట్ట మీద దూదిని రుద్దకూడదు. రుద్దితే వదలదు సరికదా, నేతలోకి దిగిపోతుంది. ముందు పూర్తిగా ఆరాలి. వేడి తగిలించకుండా గాలికి ఆరబెట్టాం. ఆరేదాకా నేను గడియారం చూడడం, బయటికి పోయి బస్టాండు వైపు చూడడం, లోపలికి వచ్చి భుజాల ప్యాడ్లు నొక్కి చూడడం. ఆరింది అనుకుని మెషిన్లో వేసే సమయానికి కరెంటు పోయింది.

"దామరచర్లల అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీ కడుతున్నరు, మనదాక ఎప్పుడొస్తదో" అన్నాడు యాదగిరి. ఆ క్షణంలో అతని వేళాకోళం నాకు రుచించలేదు. సైదమ్మ గోడకు ఆనుకుని నిలబడి, ఆగిపోయిన మెషిను వంకే చూస్తోంది. కరెంటు పోవడం కూడా తన తప్పే అన్నట్టుంది ఆమె వాలకం.

కాసేపటికి కరెంటు వచ్చింది. సాల్వెంట్లో తిప్పి తీస్తే కోటు నల్లగా బయటికొచ్చింది. మెత్తటి బ్రష్షుతో నూలు వాలు వైపే, పైనుంచి కిందికి, ఒక్కో భాగం దులిపాం. ఎదురు దులిపితే పీచు లేచి నిలబడుతుంది. జిగురు కాగితం చుట్టిన రోలరు చివర్లో వాడతాం, అదీ ఒత్తకుండా. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాం. హ్యాంగరుకు తగిలించి రెండడుగులు వెనక్కి వేసి చూసి, హమ్మయ్య అనుకున్నాను. లోపలికి పోయి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఎడమ భుజం, చేయి మళ్ళీ తెల్లబడ్డాయి.

 తప్పు మా మెషినుదే అనుకున్నాను. మెషిన్లో దూది పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండిపోతే ఒక బట్టలోంచి వచ్చిన పీచు ఇంకో బట్ట మీదికి పోతుంది. అదే అయితే ఆ వారం శుభ్రం చేసిన కోట్లన్నీ పోయినట్టే, నా పేరు కూడా. ఫిల్టరు విప్పాను. శుభ్రంగా ఉంది. మళ్ళీ దులిపాం. మళ్ళీ పడింది. నాలుగు దాటింది. ఏం చేయాలో తోచలేదు. ఇన్నేళ్ళ పనిలో నా చేతిలో బట్ట నా మాట వినకపోవడం అదే మొదటిసారి.

అప్పుడు చూశాను. యాదగిరి అటు తిరిగి స్టీము ఇస్త్రీ పెట్టెలో నీళ్ళు పోస్తున్నాడు. సైదమ్మ కోటు దగ్గరికి వచ్చి, దాని ఎడమ చేతిని ఒడిలోకి తీసుకున్నట్టు పట్టుకుని, గోటితో ఒక్కో పోగూ ఏరుతోంది. ఎంతో శ్రద్ధగా, పిల్ల తలలో పేలు చూసినట్టు. ఆమె వంగినప్పుడల్లా తల తువ్వాల అంచు నుంచి, చొక్కా ముడతల నుంచి సన్నని నూగు రాలుతోంది. ఆమె ఒకటి తీస్తుంటే పది పడుతున్నాయి.

అది ఊరికే పడడం కూడా కాదు. చలికాలపు పొడిగాలికి ఇలాంటి పాలిస్టర్ కలిసిన కోటు మెషిన్లో తిరిగి తిరిగి స్టాటిక్ పట్టుకుంటుంది. ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వుకుని కాగితం ముక్కల దగ్గర పెడితే ఎగిరి అంటుకుంటాయి చూడండి, అదే. ఆ కోటు ఆమె ఒంటి మీది దూదిని పిలిచి మరీ అంటించుకుంటోంది.

"సైదమ్మా, దాన్ని ముట్టకు!"

కాలిన పెనం తగిలినట్టు చెయ్యి లాక్కుంది.

"నీ ఒంటి మీదికెళ్ళే రాలుతున్నది దూది. మేం ఎంత దులిపినా లాభం లేకుంటయితున్నది. నువ్వు బయట కూసో. కోటును ముట్టకు, దగ్గరికి రాకు."

"నేను ఇంటికాడ దులుపుకుని వచ్చిన్నక్కా..." అని ఏదో చెప్పబోయి, తన చేతుల వంక చూసుకుంది. "సరే" అంది.

'ముట్టకండి' అనడం నాకు రోజూ ఉన్నదే. పెళ్ళికొడుకులకూ చెబుతాను, వకీళ్ళకూ చెబుతాను. పనికి అవసరమైన మాట అది, ఆ వేళ కూడా అవసరమే. ఆమె షట్టరు కింద నుంచి వంగి బయటికి పోయింది. మా గడప పక్కన బల్ల ఉంది. దాని మీద కూర్చోలేదు. రోడ్డు దాటి, అవతల మూసి ఉన్న షాపు మెట్ల మీద కూర్చుంది. దగ్గు వస్తే అటు తిరిగి దగ్గుతోంది, తన ఊపిరి కూడా ఇటు రాకూడదన్నట్టు.

ఆమె పోయాక కోటు మాట వింది. స్టీము కొంచెం పట్టించి పొడితనం తగ్గించాం. స్టాటిక్‌కు తేమే విరుగుడు. తర్వాత బ్రష్షు, చివరికి రోలరు. తెలుపు తగ్గుతూ వచ్చింది. బుడగల పని మాత్రం అలాగే ఉంది. కోటులో సాల్వెంటు వాసన పోవాలి, రాత్రంతా వేలాడదీయాలి, తెల్లారి తడిగుడ్డ పరిచి ఇస్త్రీతో ఒత్తాలి.

అయిదున్నరకు స్రవంతి వచ్చింది. వాళ్ళమ్మ ఫోన్లో "ఇస్త్రీకి ఇచ్చిన" అని చెప్పిందట, బ్యాగుతోనే సరాసరి షాపుకొచ్చేసింది. సన్నగా ఉంది, ప్రయాణానికి మొహం వడిలింది. హ్యాంగరుకున్న కోటు, కాలరు దగ్గరి బుడగలు చూసింది. బల్ల కింద మేము ఊడ్చిపెట్టిన దూది కుప్ప చూసింది. చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఉతికిందా?" అంది.

నేను తలూపాను. ఆ పిల్ల రోడ్డు మీదికి వెళ్ళి అక్కడి నుంచే అరిచింది. "నీకెవరు ఉతుకుమన్నరమ్మా? అది నాది గాదు! హారికకు గూడ వచ్చే వారం ఇంటర్వ్యూ ఉన్నది! ఇప్పుడు దానికేం చెప్పాలె నేను?"

అవతలి మెట్ల మీద సైదమ్మ లేచి నిలబడింది.  రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. స్రవంతి ఏడుస్తూ లోపలికి వచ్చి హారికకు ఫోన్ చేసింది. కంగారులో స్పీకరు నొక్కుకుపోయింది, అంతా నాకు వినపడింది.

"హారికా, నీ కోటు... మా అమ్మ తెలియక నీళ్ళల్ల ఏసిందే. బుడగలొచ్చినయి."

నేను బ్రష్షు కింద పెట్టి విన్నాను. 

"రేపటికి వేసుకునేలా ఉందా లేదా?" అంది హారిక.

"ఉంటదని అంటున్నరు ఆంటీ."

"అయితే వేసుకెళ్ళు. ఏడ్చి మొహం ఉబ్బించుకోకు, ఫొటో తీస్తారంట అక్కడ. నా సంగతి నేను చూసుకుంటాలే. మీ అమ్మగారిని ఏమీ అనకు."

ఆ చివరి మాటకు స్రవంతి ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత కళ్ళు తుడుచుకుని రోడ్డు దాటింది. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకోబోయింది. సైదమ్మ ఒక మెట్టు పైకి ఎక్కింది.

"దగ్గరికి రాకు బిడ్డా. నీ డ్రెస్సుకు అంటుతది."

నేను కోటును ముట్టకు అన్నాను. కూతుర్ని ముట్టకు అనలేదు. కానీ ఆమె అలాగే అర్థం చేసుకుంది. షాపు గడపలో నిలబడి నేను ఆ మాట విన్నాను. పోయి ఏదో సర్దిచెప్పాలనిపించింది. ఏం చెప్పాలి? ఆమె ఒంటి నిండా దూది ఉన్న మాట నిజం. ఆమె తాకితే అంటుతుందన్నదీ నిజం.

షాపు కట్టేసే ముందు ఆమె గడప అవతల నుంచే అడిగింది. "పొద్దున పిల్లను బస్సెక్కియ్యనీకి నేను రావొచ్చానక్కా? దూరంకెళ్ళే సూస్త."

"అదేం మాట సైదమ్మా! రా" అన్నాను. ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు. కోటు గురించి కొంత, ఆ ప్రశ్న గురించి ఎక్కువ.

తెల్లవారగానే షాపు తీశాను. కోటును పాత కాటన్ ధోవతిలో చుట్టి పెట్టి వెళ్ళాం. ప్లాస్టిక్ కవరు వేస్తే స్టాటిక్ మళ్ళీ మొదలవుతుంది. ధోవతి కూడా వందసార్లు ఉతికి నూగంతా పోయిందే ఎంచుకున్నాం. విప్పి చూస్తే నల్లగా, నిద్రపోయినట్టు ఉంది. యాదగిరి కూడా చెప్పకుండానే పొద్దున్నే వచ్చేశాడు. తడిగుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టె రుద్దకుండా ఎత్తి ఎత్తి ఒత్తాడు. ఒక బుడగ అణిగిపోయింది. రెండోది కొంచెం మిగిలింది గానీ కాలరు మడత కింద దాగింది. వేళాకోళం ఆడే మనిషి ఆ పొద్దున పెట్టె మీది నుంచి చూపు తిప్పలేదు.

స్రవంతి వచ్చి కోటు తొడుక్కుంది. నీళ్ళకు కోటు చేతులు ఒక పిసరు పొట్టయ్యాయి. "బిడ్డా, చేతులు బాగా చాపకు, ఒడిల పెట్టుకుని కూసో" అన్నాను. అద్దంలో ముందూ వెనకా చూసుకుంది. నేను చుట్టూ తిరిగి చూశాను. ఒక్క పోగు లేదు. అయినా నా గుబులు తీరలేదు. బస్సు సీటు ఎలా ఉంటుందో, పక్కన ఎవరు కూర్చుంటారో, మిర్యాలగూడలో దిగేసరికి ఇది ఎలా ఉంటుందో.

"అమ్మ ఏది?" అన్నాను.

"బయట్నే ఉన్నది. రమ్మంటే వస్తలేదు."

గడప దగ్గరికి వెళ్ళి చూశాను. సైదమ్మను మొదట గుర్తుపట్టలేదు. తలస్నానం చేసి తడిజుట్టు ముడేసుకుంది. ఒంటి మీద తళతళలాడే నీలిరంగు సింథటిక్ చీర, దానికి అసలు నప్పని ఎర్ర జాకెట్టు. చీర ఆమెది కాదని పొడవు చూస్తేనే తెలుస్తోంది. మెట్టు కింద, మురికి కాలువకు అవతల నిలబడింది.

"ఇది పక్కింటామె చీరెక్కా" అంది నన్ను చూసి. "కాటన్ది గాదు, దూది పట్టదు. రాత్రి నల్ల లంగకు రాకి రాకి సూసిన. ఒక్క పోగు రాలలే." కొంగు చేత్తో పట్టుకుని నాకు చూపించింది. "ఇప్పుడు ముట్టొచ్చానక్కా, పిల్లను?"



పనితనం నాలుక చివరిదాకా ఏదో తెచ్చింది. సింథటిక్ చీర పాలిస్టర్ కోటుకు రాసుకుంటే పుట్టే స్టాటిక్‌తో ఆ కోటు మిర్యాలగూడ దాకా దారిలో ఉన్న దుమ్మంతా లాక్కుంటుంది. దూది రాలని మాట నిజమే, కానీ ఆమె వెతికి కట్టుకొచ్చిన చీర ఇంకా ప్రమాదం. ఇది ఆమెకు చెబితే? రాత్రంతా లంగాకు రుద్ది చూసుకున్న మనిషికి, ఇది కూడా కాదు, దూరంగానే ఉండు అని చెప్పాలా? చెప్పకపోతే ఇంత చేసిన కోటు ఏమవుతుంది? ఆ రెండింటి మధ్య నేను నిజంగా నలిగిపోయాను.

లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాను.

"చేతులు పట్టు సైదమ్మా."

ఆమె అయోమయంగా దోసిలి పట్టింది. నీళ్ళు పోశాను. మణికట్టు దాకా, మోచేతుల దాకా తడిపాను. "ఇదిలించు. పూర్తిగ తుడుచుకోకు, జర తడి ఉండనియ్యి. తడి చేతికి దూది అంటుతది, కోటు మీద పడదు. దాని మీద ఉన్నది గూడ నీ చేతికే వస్తది. చీరె తగలనియ్యకు, ఉత్త చేతులతోని పట్టుకో. ఎంతసేపన్న పట్టుకో."

ఇది ఆమె మనసు కోసం అల్లిన మాట కాదు. కోటు అప్పగించే ముందు చివరిసారి అరచేయి చెమ్మ చేసుకుని పైనుంచి కిందికి నిమరడం మేము రోజూ చేసేదే. రోజూ చేసే పని ముందు రోజు సాయంత్రం నాకెందుకు గుర్తు రాలేదో తెలియదు.

స్రవంతి మెట్టు దిగి వచ్చి నిలబడింది. సైదమ్మ మొదట వేలికొనలతో భుజం తాకింది, తాకి వెంటనే తన వేళ్ళు చూసుకుంది, అక్కడ ఏమీ రాలేదు. తర్వాత అరచేయి మొత్తం ఆనించింది. మెడ దగ్గర నుంచి నడుము దాకా, మెల్లగా, ఒకసారి, రెండుసార్లు, మళ్ళీ. బిడ్డ కళ్ళ నిండా నీళ్ళు. "అమ్మా, నిన్న అరిసిన" అంటోంది. సైదమ్మ వినడం లేదు. ఆమె దృష్టంతా చేతి కింద ఉన్న వీపు మీదే ఉంది.

"మంచిగున్నది" అంది చివరికి. "ఇగ పో, బస్సు పోతది."

ఆ ఉద్యోగం వచ్చిందా అని నాకు ఈ సంగతి విన్న ప్రతివాళ్ళూ అడుగుతారు. వచ్చింది, కోదాడ బ్రాంచిలో. హారిక కోటుకు నేనూ యాదగిరీ ఫ్యూజింగ్ మార్పించి ఇచ్చాం, ఆ పిల్ల కూడా అదే వేసుకుని ఇంటర్వ్యూకు వెళ్ళింది. సైదమ్మ ఆ సీజను అయ్యాక మిల్లు మానేసింది. దగ్గు మాత్రం పూర్తిగా పోలేదు. కోటు మీది దూదిని నేను వదిలించగలను. ఆమె ఛాతీలో ఏళ్ళుగా దిగినదాన్ని వదిలించే మెషిను నా దగ్గర లేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు లింట్ గురించి అడిగితే బ్రష్షు, రోలరు, ఫిల్టరు అన్నీ చెబుతాను. చివరగా ఇంకొకటి చెబుతాను. 'ముట్టకండి' అనడం తేలిక, కోటుకు కూడా మంచిదే. కానీ ఆ కోటు తొడుక్కునే మనిషికి ఒక తల్లి ఉంటుంది, ఒళ్ళంతా దూదితోనో సిమెంటుతోనో పిండితోనో వచ్చి నిలబడుతుంది. ముట్టవద్దని చెప్పిన నోటితోనే ఎలా ముట్టుకోవాలో కూడా చెప్పకపోతే, ఆమె మనం చెప్పినదానికన్నా దూరం జరిగిపోతుంది. కాలువ అవతల నిలబడి అనుమతి అడుగుతుంది.